ఉరి దగ్గర ఉండమని ఇద్దరు అడిగారు

జైలు ఆస్పత్రికి కొత్తగా పోస్టింగు వచ్చిన కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. అక్కడ ఎలా మెలగాలో చెప్పమంటారు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, టీ కప్పు కింద పెట్టి, అందరూ ఒకటే అడుగుతారు.

“సార్, మీరెప్పుడైనా ఉరి చూశారా?”

చూడలేదు. నేను ఉన్నన్నాళ్ళూ మా జైల్లో ఎవరినీ ఉరి తీయలేదు. అయితే ఒకసారి అన్ని ఏర్పాట్లూ జరిగాయి. అందులో నా వంతు పని నేను చేశాను. జరిగి ఉంటే చూడగలిగేవాణ్ణా అంటే ఇప్పటికీ చెప్పలేను. వాళ్ళకు టీ తాగినంతసేపట్లో చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఆడిట్ గొడవలు ఏ ఆఫీసులోనైనా ఒకేలా ఉంటాయి కనక వాటి జోలికి పోలేదు. మనుషుల పేర్లు మార్చాను.

ముట్టుకోవడమే సగం వైద్యం

మాది గుంటూరు జిల్లా. ఉద్యోగం కోసం ఇటు వచ్చి, పిల్లల చదువుల కోసం ఉండిపోయి, చివరికి బొంగులూరులో ఇల్లు కట్టుకున్నాం. రాష్ట్రం విడిపోయిన కొత్తలో నన్ను జైలు ఆస్పత్రికి వేశారు. ఆ మాట విని మా ఆవిడ నాకే శిక్ష పడినట్టు ఏడ్చింది.

చేరిన రోజున సూపరింటెండెంటు తన గదికి పిలిపించుకున్నాడు. నల్గొండ వైపు మనిషి. బక్కగా ఉండేవాడు, గొంతు మాత్రం పెద్దది. కూర్చోమని కూడా అనకుండా మొదలుపెట్టాడు.

“డాక్టర్ సాబ్, ఒక్కటే మాట. వీడేం జేసి వచ్చిండని ఎవ్వన్నీ అడగకుర్రి. నాకు తెల్వక తప్పదు. మీకు తెల్వకుంటేనే మంచిది. తెలిస్తే సూది గుచ్చేటప్పుడు చెయ్యి వేరే తీరుగ పడతది.”

అప్పుడు నవ్వుకున్నాను. మందుకు మనిషితో పనేమిటి అనుకున్నాను.

జైల్లో ఎక్కువగా చూసేవి గజ్జి, దగ్గు, షుగరు, నిద్ర పట్టకపోవడం. దెబ్బలూ గాయాలూ సినిమాల్లో చూపించినంత ఉండవు. ఒక ముసలి ఖైదీ దాదాపు రోజూ కడుపునొప్పి అని వచ్చేవాడు. కడుపులో ఏమీ ఉండేది కాదు. “ఉత్త నాటకం సార్, పంపించెయ్యండి” అనేవాడు కాంపౌండరు. నేను మాత్రం ప్రతిసారీ పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసేవాణ్ణి. ఒకరోజు వేళ్ళు తీయబోతుంటే ఆ ముసలాయన, “ఇంకొంచెం సేపు పెట్టు సారు, సల్లగున్నది” అన్నాడు.

లోపల మనిషిని మనిషి ముట్టుకునేది తనిఖీ చేయడానికే. తనిఖీ కోసం కాకుండా ముట్టుకునేవాడు డాక్టరొక్కడే. కొత్తగా వెళ్ళేవాళ్ళకు నేను చెప్పే మొదటి పాఠం ఇది. మందు చీటీ తర్వాత రాయవచ్చు. ముందు చెయ్యి పట్టుకోండి.

అండాలు

డ్యూటీ అయ్యాక సొంతంగా ప్రాక్టీసు చేసుకోవడానికి అప్పట్లో మాకు అనుమతి ఉండేది. ఇబ్రహీంపట్నంలో బస్సు డిపో ఎదురు సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. జైలు నుంచి ఔటర్ రింగు రోడ్డు మీదుగా వచ్చి, సాయంత్రం అక్కడ కూర్చునేవాణ్ణి. కూరగాయలు అమ్ముకుని ఊరికి పోతూ పోతూ వచ్చే రైతులు, కాలేజీ పిల్లలు, ఇళ్ళ ప్లాట్ల వెంచర్ల దగ్గర కాపలా ఉండేవాళ్ళు నా పేషెంట్లు.

వాళ్ళలో ఒకామె పేరు అండాలు. నలభై దాటి ఉంటాయి. సాగర్ రోడ్డుకు లోపలగా ఉన్న ఒక ఊరి నుంచి బస్సులో వచ్చేది. బీపీ బాగా ఎక్కువ. ఎన్ని మందులు మార్చినా దిగేది కాదు. వేళకు నిద్రపోతున్నారా అని అడిగితే “పండుకుంట” అనేది. పడుకోవడానికీ నిద్రపోవడానికీ ఉన్న తేడా ఆమెకు బాగా తెలుసని నాకు తర్వాత అర్థమైంది.

ఒక సాయంత్రం గది నిండా జనం ఉండగా ఒక మనిషి లోపలికి దూసుకొచ్చాడు.

“సలామ్ డాక్టర్ సాబ్! గుర్తు పట్టిన్రా? జైల్ల నా కాలు బాగు జేసింది మీరే గద!”

విడుదలై వచ్చి, ఇక్కడే మార్కెట్లో హమాలీ పని చేసుకుంటున్నాడట. గదిలో మాటలు ఆగిపోయాయి. అతను నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. అండాలు మాత్రం తన వంతు వచ్చినా లేవకుండా, మిగతా అందరినీ ముందు పంపించింది. చివరికి ఇద్దరమే మిగిలాం.

“నువ్వు జైలు డాక్టరువా సారూ?”

“అవునమ్మా.”

“మల్లేశ్ ఎరుకనా? ట్రాక్టర్ మల్లేశ్. ఉరిశిక్ష పడ్డోడు.”

నాకు తెలుసు. ఆ రోజు పొద్దున్నే అతని చేతికి లేచిన కురుపులు చూసి మందు రాసిచ్చి వచ్చాను. అతనికి ఉరిశిక్ష పడిందనీ, క్షమాభిక్ష అర్జీ పైన ఎక్కడో ఉందనీ మాత్రమే తెలుసు. ఏం చేశాడో అడగలేదు. నేను తల ఊపాను. అది చాలు, ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

మల్లేశ్ వాళ్ళ ట్రాక్టరు నడిపేవాడు. వాళ్ళ ఇంట్లోనే తినేవాడు, ఆమెను వదినా అని పిలిచేవాడు, వాళ్ళ పిల్లాడు అతన్ని చిన్నాన్న వరసలో కాకా అనేవాడు. భర్త బాల్‌రెడ్డి రోడ్డు పక్క పొలం కొంత వెంచర్ వాళ్ళకు అమ్మితే, బేరం తనే కుదిర్చానని మల్లేశ్ వాటా అడిగాడు. ఆ గొడవ చాలాకాలం నలిగింది. ఒక మధ్యాహ్నం బోరు దగ్గర మాటా మాటా పెరిగి, చేతికి అందిన ఇనుప పైపుతో కొట్టాడు. బాల్‌రెడ్డి అక్కడే పడిపోయాడు. సరిగ్గా ఆ సమయానికి వాళ్ళ కొడుకు వంశీ, బడికి సెలవని, నాన్నకు అన్నం క్యారేజీ పట్టుకుని గట్టు మీద నడిచి వస్తున్నాడు.

“మొగన్ని సంపింది కోపంల అనుకుందాం సారూ. నా కొడుకును ఎందుకు సంపిండు? వాడు చూసిండని. ఉరికిండంట నా కొడుకు, ఎంటబడి పట్టుకున్నడు. చూసుడే వాని తప్పాయె. నేను సుత చూడాలె. వాన్ని ఉరేసేటప్పుడు నా కండ్లతోటి చూడాలె. దానికోసమే గీ గోలీలు మింగి బతుకుతున్న.”

ఆమె గొంతు పెంచలేదు, ఏడవలేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. నేను బీపీ చూడటం కూడా మరిచిపోయి మందులు రాసిచ్చాను.

చెయ్యి వేరే తీరుగ పడింది

మర్నాడు మల్లేశ్ కురుపులకు కట్టు మార్చాల్సి వచ్చింది. అంతకు ముందు రోజు ఎలా పట్టుకున్నానో అలాగే పట్టుకుందామనుకున్నాను. కుదరలేదు. ఈ చెయ్యే కదా అనిపించింది. దూది గట్టిగా అదిమినట్టున్నాను, అతను “అబ్బా” అన్నాడు. సూపరింటెండెంటు మాట అప్పుడు అర్థమైంది.

మల్లేశ్ పశ్చాత్తాపంతో కుమిలిపోయే మనిషేమీ కాదు. పప్పు నీళ్ళగా ఉందని పోట్లాడేవాడు. నిద్రమాత్రలు ఇంకో రెండు ఇవ్వమని బతిమాలేవాడు, ఇవ్వకపోతే అలిగేవాడు. పక్క గదివాడి దుప్పటి కొత్తదనీ తనది పాతదనీ ఫిర్యాదు చేసేవాడు. ఇంతటి పని చేసిన మనిషి దుప్పటి గురించి ఎలా మాట్లాడగలడని నాకు ఆశ్చర్యంగా ఉండేది. చేసిన పని ఎంత పెద్దదైనా, మనిషికి చలి వేస్తూనే ఉంటుంది.

నిజం చెప్పాలంటే అతని మీద నాకు అసహ్యం కలిగింది, చాలాకాలం ఉంది. కుర్రవాళ్ళకు చెప్పేదేమిటంటే, ఆ అసహ్యం పోతుందని ఎదురుచూడకండి. అది ఉండగానే కట్టు సరిగ్గా కట్టడం నేర్చుకోండి. నేను అలాగే నేర్చుకున్నాను. కొన్నాళ్ళకు చెయ్యి మళ్ళీ మామూలుగా పడసాగింది.

అండాలు నెలనెలా వచ్చేది. బీపీ చూపించుకుని, లేచే ముందు ఒకటే అడిగేది. “ఇంకా ఉన్నడా?” ఉన్నాడు అనేవాణ్ణి. మల్లేశ్ గురించి అంతకు మించి చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు.

ఏర్పాట్లు

అర్జీ తిరస్కరించారని కబురు వచ్చింది. కొద్దిరోజులకే కోర్టు నుంచి ఉరి తేదీతో వారంటు వచ్చింది.

మా జైల్లో ఉరికంబం ఉన్న ఆవరణ తలుపు ఎవరూ తీసి ఎరగరు. తాళం తుప్పు పట్టి, పగలగొట్టవలసి వచ్చింది. లోపల పిచ్చి మొక్కలు నడుము ఎత్తు పెరిగి ఉన్నాయి. ఉరి తీసే మనిషి మా శాఖలో లేడు, వేరే రాష్ట్రం నుంచి పిలిపించాలని రాతకోతలు నడిచాయి. ఆ రోజున ఎవరెవరు హాజరు కావాలో సూపరింటెండెంటు నిర్ణయించాలి. ఆ సంగతి తెలియగానే ఒకాయనకు తిరుపతి మొక్కు గుర్తొచ్చింది. ఇంకొకాయన భార్యకు ఆపరేషను అన్నాడు. మొదటి నుంచీ “గా కుక్క తాడు నేనే గుంజుత” అని తిరిగిన హెడ్ వార్డరు ఒక్కడే వెనక్కి తగ్గలేదు.

నేను తప్పించుకోవడానికి లేదు. డాక్టరు పని నిబంధనల్లోనే రాసి ఉంది. ఖైదీ బరువు చూడాలి. ఆ బరువును బట్టి తాడు ఎంత జారనివ్వాలో రాసివ్వాలి. తక్కువైతే మనిషి ఊపిరాడక కొట్టుకుంటాడు, ఎక్కువైతే అంతకన్నా ఘోరం. అంతా అయ్యాక కిందికి దిగి, స్టెతస్కోపు పెట్టి, గుండె ఆగిందని చెప్పాలి. నేను చెప్పేదాకా ఎవరూ శరీరాన్ని దించకూడదు.

ఉరి ఉండాలా వద్దా అన్నది పెద్దల చర్చ, నన్ను అడగకండి. కానీ మందు చీటీ రాసే చేత తాడు పొడవు రాయించడం తప్పని మాత్రం గట్టిగా చెబుతాను.

ఆ వారంలోనే మల్లేశ్‌కు జ్వరం వచ్చింది. ఒళ్ళు బాగా లేని మనిషిని ఉరి తీయకూడదు. కనక జ్వరం తగ్గించాలి. తగ్గించడం నా పని. మాత్రలు వేసి, తడిగుడ్డ నుదుటి మీద వేయించి, మర్నాటికి తగ్గించాను. తగ్గినందుకు ఏ డాక్టరైనా సంతోషిస్తాడు. నేను మాత్రం థర్మామీటరు కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టేశాను.

బరువు చూసే రోజున అతను యంత్రం మీదికి ఎక్కి, ముల్లు వైపు చూడకుండా నా వైపు చూశాడు.

“సారూ, ఆ దినం నువ్వుంటవా?”

“ఉండాలి మల్లేశ్.”

“ఉండు సారూ. అందరు కొత్తోళ్ళే వస్తరంట. ముసుగేసేదాక ఎరుకైన మొఖం ఒక్కటన్న కనపడాలె. మా ఇంటోళ్ళు ఎట్లాగు రారు.”

ఉంటానన్నాను. ఇంకేమనగలను?

ఆ సాయంత్రమే అండాలు క్లినిక్కుకు వచ్చింది. టీవీలో చూసి, పొద్దున్నే బస్సెక్కి జైలు గేటు దగ్గరికి పోయిందట. ఉరి చూడనివ్వమని అడిగిందట. సెంట్రీ లోపలికి పోనీయలేదు. చనిపోబోయేవాడి బంధువులను రానివ్వరాదని మా నిబంధనల్లో ఉంది. వాడి చేతిలో చచ్చినవాళ్ళ బంధువుల ఊసే వాటిలో లేదు.

“నన్ను రానియ్యరంట. నువ్వుంటవ్ గద సారూ. నువ్వు చూసి నాకు జెప్పు. వాడు ఎట్ల నడిసిండో, ఏడ్సిండో లేదో, ఎంతసేపు కొట్టుకున్నడో, అన్ని చెప్పాలె.”

“అలాంటివి బయట చెప్పకూడదమ్మా. అవి వినేవీ కాదు.”

ఆమె లేవబోయి మళ్ళీ కూర్చుంది.

“వినేటివి కావా? కోర్టుల నాతోటి ఎందుకు చెప్పించిన్రు మరి? నా కొడుకు ఎట్ల పడి ఉండె, దెబ్బ ఏడ ఉండె, అంగి ఏ రంగు ఉండె, అన్ని అడిగిన్రు గద. అందరి ముంగట నేను చెప్పలేదా? నీకు చెప్పనీకి ఏమైతది?”

 చెబుతానని మాట ఇచ్చాను. ఒక్క రోజులో ఇద్దరికి ఒకే విషయం మీద మాట ఇచ్చాను. ఒకరికి ధైర్యం కోసం, ఇంకొకరికి పగ తీరడం కోసం. నా కళ్ళు రెండూ ఇద్దరికీ అద్దెకిచ్చినట్టయింది.

ఇంటికి వెళ్ళి మా ఆవిడకు చెప్పాను. ఆమె అన్నం వడ్డిస్తూ వింది. చివరికి, “కోడిని కోస్తుంటేనే షాపులోంచి బయటికి వచ్చేస్తారు. మీరు చూడగలరా?” అంది.

ఇసుక మూట

ఉరికి ముందు తాడును, కాళ్ళ కింద తెరుచుకునే తలుపును పరీక్షిస్తారు. మనిషి బరువుకు మించిన ఇసుక మూట కట్టి వేలాడదీసి చూస్తారు. పొద్దున పూట, మొక్కలన్నీ కొట్టేసి శుభ్రం చేసిన ఆవరణలో మేం కొద్దిమందిమి నిలబడ్డాం. సూపరింటెండెంటు చెయ్యి ఎత్తి దించాడు. హెడ్ వార్డరు పిడి లాగాడు.

చప్పుడు గురించి అందరూ అడుగుతారు. పెద్ద చెక్క తలుపు గోడకు కొట్టుకున్నట్టు ఉంటుంది, అంతే. మూట కిందికి పోయి, ఒక్కసారి తాడు బిగిసి, మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఎక్కడో కుట్టు ఊడి సన్నగా ఇసుక కారుతోంది. ఎవరూ కదల్లేదు. మూట అలా తిరుగుతుంటే చూడలేకనో ఏమో, హెడ్ వార్డరు మెట్లు దిగి వెళ్ళి దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆపాడు. పడిపోతున్న మనిషిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మరుక్షణం వదిలేసి, గోడ వైపు తిరిగి చేతులకంటిన ఇసుక దులుపుకుంటూ ఉండిపోయాడు.

తర్వాత సూపరింటెండెంటు గదిలో కూర్చున్నాం. టీ వచ్చింది. ఆయన ముట్టుకోలేదు.

“ఇసుక మూటనే గద డాక్టర్ సాబ్” అన్నాడు.

“అవును సార్.”

“ఇరవై ఏండ్ల నుంచి గీ నౌకరీ చేస్తున్న. దొంగలను చూసిన, ఖూనీకోరులను చూసిన, ఎన్నడు ఫికర్ కాలే. గీ ఇసుక మూట మాత్రం నా కండ్ల ముంగటికెల్లి పోతలేదు.”

అంత గొంతున్న మనిషి ఆ మాట నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. ఉరి చూడగలమా అని అడిగేవాళ్ళకు నేను ఈ మూట సంగతి చెబుతాను. రాత్రి పడుకుని ఆలోచించినప్పుడు ఎవరైనా చూడగలరు. వాడు చేసింది తలచుకుంటే ఇంకా తేలిగ్గా చూడగలరు. కానీ అక్కడ నిలబడ్డప్పుడు వాడు చేసింది కళ్ళముందు ఉండదు. మనం చేస్తున్నదే ఉంటుంది.

ఆగిపోయింది

తేదీకి ముందు రోజు పై కోర్టు ఉరి నిలిపేసింది. అర్జీ మీద నిర్ణయానికి ఏళ్ళ తరబడి ఆలస్యం చేశారన్నది కారణం. తర్వాత విచారణ జరిగి శిక్ష యావజ్జీవంగా మారింది.

స్టే వచ్చిందని తెలియగానే నాకు కలిగింది దయ కాదు. నేను బయటపడ్డాను అన్న ఊరట. అందరికీ అదే. తిరుపతి వెళ్ళినాయన లడ్డూతో తిరిగొచ్చాడు, అందరం తిన్నాం. మల్లేశ్ ఒక పగలంతా నిద్రపోయి, లేచి, పప్పు నీళ్ళగా ఉందన్నాడు.

అండాలు చాలా రోజులు రాలేదు. మందులు అయిపోయి ఉంటాయని నాకు భయంగా ఉండేది. చివరికి ఒక సాయంత్రం వచ్చింది. బీపీ ఎలా ఉండకూడదో అలా ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను.

“వానికి కోర్టులున్నయి, వకీళ్ళున్నరు” అంది మొదట. “జర ఆలస్యమైతే వానికి కష్టమాయె. నాకు ఆలస్యమైతలేదా?”

 ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. కాసేపటికి వేరే గొంతుతో మాట్లాడింది.

“సారూ, ఒక మాట చెప్త, ఎవ్వరికీ చెప్పలే. తారీకు దగ్గరికొస్తుంటే నాకు భయమైంది. వాడు పోతడని సంబరపడాలె గద, భయమైంది. ఎందుకంటే, నా కొడుకు ఆఖరికి ఏమన్నడో ఎరుకున్నది వానికొక్కనికే. నన్ను పిలిసిండో, నాయిననే పిలిసిండో. వాన్ని ఉరేస్తే గా మాట సుత వానితోటే పోతది. నేను ఇగ ఎవ్వరిని అడగాలె?”

కొడుకును చంపినవాడి దగ్గరే కొడుకు చివరి మాట ఉంది. ఇన్నేళ్ళు ఆమె రెండింటి కోసమూ ఎదురుచూసింది. ఒకటి జరగాలంటే రెండోది పోవాలి.

“నువ్వు అడుగు సారూ. నాకోసం ఒక్కసారి అడుగు.”

డాక్టరుగా నేను మోయకూడని మాట అది. ఇలాంటివి మీ దాకా వస్తే ఒప్పుకోవద్దని కుర్రవాళ్ళకు చెబుతాను. నేను ఒప్పుకున్నాను. ఒక రోజు ఓపీలో ఎవరూ లేనప్పుడు మల్లేశ్‌ను అడిగాను. “ఆ పిల్లాడి తల్లి అడగమంది. చివర్లో ఏమన్నాడు?” అతను నా వైపు చూడను కూడా చూడలేదు. లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం ఒళ్ళు బాగా లేకపోయినా ఆస్పత్రికి రాలేదు. చెప్పలేదమ్మా అని అండాలుకు చెప్పాను. సరే అని తల ఊపింది. మళ్ళీ అడగమనలేదు.

గొలుసు ఉన్న మంచం

కొన్నేళ్ళకు మల్లేశ్‌కు కామెర్లు వచ్చాయి. పరీక్షలు చేయిస్తే కాలేయం చాలావరకు పాడైందని తేలింది. పెద్దాస్పత్రిలో ఖైదీల వార్డుకు పంపాను. అక్కడ మంచానికి కాలు గొలుసుతో కట్టి ఉంటుంది. నడవలేని మనిషికి గొలుసెందుకని నేను రాసి చూశాను, రూలు రూలే అన్నారు. అతని వాళ్ళకు కబురు పంపాం. ఎవరూ రాలేదు.

నేను వీలైనప్పుడల్లా వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. మనిషి పసుపు ముద్దలా అయిపోయాడు. ఒక మధ్యాహ్నం నాడి చూసి చెయ్యి వదలబోతే పట్టుకున్నాడు.

“ఒకపారి అడిగినవ్ గద సారూ. పోరగాడు ఏమన్నడని.”

నేను మంచం అంచున కూర్చున్నాను.

“ఉరికి ఉరికి పడ్డడు. నేను వాని కాడికి పోయేవరకు చేతులు జోడిచ్చిండు. ‘కాకా, నేను ఎవ్వరికి చెప్ప. ఒట్టు కాకా, అమ్మకు సుత చెప్ప’ అన్నడు.”

కాసేపు ఊపిరి అందలేదు. నేను నీళ్ళు పట్టాను. ఒక గుక్క తాగి, మిగతావి పెదవుల మీది నుంచి కార్చేశాడు.

“నేను నమ్మలే” అన్నాడు.

ఇంకాసేపటికి, “ఆమెకు చెప్పాలెనో వద్దో నువ్వే చూస్కో సారు” అన్నాడు.

రెండు రోజులకు చనిపోయాడు. నేను అక్కడే ఉన్నాను. కావాలని వెళ్ళింది కాదు, వేరే ఖైదీని చూడటానికి వెళ్ళాను. ఊపిరి మారడం చూసి ఆగాను. చేతికి నాడి అందుతూ అందుతూ ఆగిపోయింది. టైము రాశారు, కానిస్టేబులు వచ్చి గొలుసు తీశాడు. ఎరుకైన మొఖం ఒక్కటన్న కనపడాలె అన్న మనిషికి నేను కనపడ్డానో లేదో తెలియదు. కళ్ళు అప్పటికే పైకప్పు వైపు తిరిగి ఉన్నాయి.

చెప్పిన రోజు

రోగి చెప్పిన మాట గది దాటకూడదని మాకు చదువులోనే నేర్పుతారు. నేర్పాలి కూడా. అండాలు ఏమీ అడగకపోతే నేను ఏమీ చెప్పకుండా ఉండేవాణ్ణేమో. ఆమె వచ్చేసరికి వార్త ఆమెకు తెలిసిపోయింది. మామూలుగా బెంచీ మీద చివర కూర్చుంది, మామూలుగా చివరికే వచ్చింది.

“పోయిండంట గద.”

“అవునమ్మా.”

“నువ్వు చూసినవా?”

“చూశాను.”

“ఎవరన్న ఉన్నరా దగ్గర?”

“నేనే ఉన్నాను.”

 ఇన్నేళ్ళూ చూడాలని కోరుకున్నది, ఆఖరికి ఒక మంచం మీద, ఆమె చూడకుండానే అయిపోయింది. ఎలా నడిచాడు, ఏడ్చాడా, ఎంతసేపు కొట్టుకున్నాడు అన్న ప్రశ్నలు వేస్తుందని చూశాను. వేయలేదు.

“ఏమన్న చెప్పిండా?” అంది.

అబద్ధం చెప్పవచ్చు. ఏమీ చెప్పలేదమ్మా అంటే సరిపోయేది. అమ్మా అని పిలిచాడట అంటే ఇంకా బాగుండేది. ఆ రెండు మాటలూ నా నోటిదాకా వచ్చాయి. కానీ కోర్టులో అందరి ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. నేను చెప్పాను. మల్లేశ్ మాటల్లోనే చెప్పాను. చేతులు జోడించాడని చెప్పాను. ఒట్టు పెట్టాడని చెప్పాను. అమ్మకు కూడా చెప్పనన్నాడని చెప్పాను.

 వీధిలో డిపోలోకి తిరుగుతున్న బస్సు హారన్ కొడుతోంది. ఆ చప్పుడు ఆగేదాకా ఆగి అండాలు అడిగింది.

“వాడేమన్నడు?”

“నమ్మలేదన్నాడు.”

ఆమె కళ్ళు నిండాయి. ఇన్నేళ్ళలో నేను చూడటం అదే మొదటిసారి. కానీ ముఖం మాత్రం వాడిపోలేదు. బడిలో కొడుకును మాస్టారు మెచ్చుకుంటే తల్లి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

“ఎవ్వరికి చెప్పకపోతుండె సారూ” అంది. “నా కొడుకు ఒట్టేసిండంటే నిజంగనే నాకు సుత చెప్పకపోతుండె.”